క్యాన్సర్ రోగి డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత నెలల తరబడి కీమోథెరపీ తీసుకుని కోలుకున్నాను. రాయడమే వృత్తి కావడం వల్ల ఆ కాలమంతా నా చెవులు డాక్టర్ల గదుల్లో దొర్లే మాటల మీదే ఉండేవి. మాట ఎక్కడ తెగిపోతోంది, ఎవరు ఎవరికి ఏమి చెప్పకుండా వదిలేస్తున్నారు, చెప్పినదాంట్లో రోగి తలకెక్కేది ఎంత అని గమనిస్తూ వచ్చాను. రోగి డాక్టర్‌కు చెప్పుకునేదీ, డాక్టర్ రోగికి చెప్పేదీ కూడా చికిత్సే అన్న నమ్మకం నాకు అక్కడే గట్టిపడింది.

దీనికి రుజువు ఉంది. 2017లో అమెరికా పరిశోధకులు వెల్లడించిన ఒక అధ్యయనంలో 766 మంది పాల్గొన్నారు. అందరిదీ ఒంట్లో పాకిపోయిన క్యాన్సరే, అందరూ కీమో తీసుకుంటున్నవారే. కొందరి చేత నొప్పి, వాంతులు, ఆయాసం వంటి బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేయించారు. బాధ ముదిరినట్టు కనిపిస్తే వెంటనే నర్సుకు కబురు వెళ్లేది. మిగిలినవారు మామూలుగా, డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు చెప్పుకున్నారు. మామూలు పద్ధతిలో ఉన్నవారి మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 26 నెలలు. నమోదు చేసినవారిది 31.2 నెలలు. నమోదు చేసిన గుంపుకు అదనంగా కొత్త మందేమీ ఇవ్వలేదు. వారి బాధ సమయానికి చేరవలసిన చెవికి చేరింది.

అందుకే ఇక్కడ రాస్తున్న పనులను మందుల చీటీతో సమానంగా చూడమని అడుగుతున్నాను.

లోపలికి వెళ్లే ముందు

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఫోనులో రాసుకునే అలవాటు ఉన్నా కాగితమే మేలు. మీరు మత్తులోనో ఐసీయూలోనో ఉన్నప్పుడు మీ ఫోను తెరవడం మరొకరికి కుదరకపోవచ్చు. పుస్తకం ఎవరైనా తెరవగలరు. మొదటి పేజీలో మీ క్యాన్సర్ పేరు, దశ, జరిగిన ఆపరేషన్లు, తేదీలు, పడని మందులు, బీపీ, మధుమేహం వంటి పాత జబ్బులు, రోజూ వేసుకునే ప్రతి మందూ రాయండి. ప్రతి మందూ అంటే విటమిన్ మాత్రలు, మూలికా మందులు, కషాయాలు కూడా. చాలా కీమో మందులను శరీరం కాలేయంలోనే విడగొడుతుంది. కొన్ని మూలికలు ఆ వేగాన్ని మార్చేసి, మందు ప్రభావం శ్రుతి మించేలాగో, అసలు లేకుండా పోయేలాగో చేయగలవు. డాక్టర్ కోప్పడతారన్న భయంతో ఎక్కువ మంది దాచేది ఈ ఒక్క సంగతే. దాచకండి.

తర్వాత ప్రశ్నలు రాసుకోండి. ఎన్ని రాసినా ఫరవాలేదు గాని, అన్నిటికంటే ముఖ్యమైన మూడింటిని పైకి తీసుకురండి. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ సగటున 18 సెకన్లకే అడ్డు తగులుతున్నారని 1984లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తేల్చింది. ఆ అలవాటు మాయమైపోయిందని నేను అనుకోను. కాబట్టి చెప్పవలసిన పెద్ద సంగతిని మొదటి వాక్యంలోనే పెట్టండి. కూర్చోగానే "ఈ రోజు మూడు విషయాలు అడగాలి, అన్నిటికంటే ముఖ్యమైనది ఇది" అనండి. మూడు ఉన్నాయని తెలిస్తే డాక్టర్ కూడా సమయాన్ని వాటి మధ్య సర్దుతారు. అసలు సంగతిని లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఎత్తితే జవాబు కూడా గుమ్మం దగ్గరి జవాబే వస్తుంది.

తోడు వచ్చేవారి పని

డాక్టర్ చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అప్పటికప్పుడే మరచిపోతారని పరిశోధకులు లెక్కగట్టారు. క్యాన్సర్ అన్న మాట విన్న రోజున ఇంకా ఎక్కువే జారిపోతుంది. తోడు వచ్చేవారి పని రాసుకోవడం. మీ తరఫున జవాబులు చెప్పడం వారి పని కాదని ముందే, ప్రేమగానే, తేల్చి చెప్పండి. "నొప్పి ఎలా ఉంది?" అని డాక్టర్ అడిగితే పక్కనున్నవారు "బాగానే ఉన్నారు" అని అందుకునే దృశ్యం నేను వేచి ఉండే గదుల్లోనూ లోపలి గదుల్లోనూ చాలాసార్లు చూశాను. వాళ్లది ప్రేమే. కాని ఆ జవాబుతో నొప్పి మందు అక్కడే ఆగిపోతుంది.

తోడు ఎవరూ లేకపోతే మాటలను ఫోనులో రికార్డు చేసుకోవచ్చా అని అడగండి. అనుమతి తీసుకుని చేయండి; చాటుగా చేస్తే తర్వాత మాటలు బిగుసుకుపోతాయి.

ఎంత తెలుసుకోవాలో మీరే తేల్చుకోండి

1961లో షికాగోలోని ఒక ఆసుపత్రిలో 219 మంది డాక్టర్లను అడిగితే, క్యాన్సర్ ఉందని రోగికి చెప్పకపోవడమే మేలని 90 శాతం మంది అన్నారు. 1979లో అదే ప్రశ్నలను మళ్లీ అమెరికాలోనే డాక్టర్లను అడిగితే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో ఒక వృత్తి మొత్తం తన అభిప్రాయాన్ని తిరగరాసుకుంది. ఇళ్లలో మాత్రం ఆ మార్పు అంత వేగంగా రాలేదు. డాక్టర్‌ను తలుపు బయట ఆపి "ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు" అని బతిమాలే పిల్లలు, భార్యలు, భర్తలు ఇప్పటికీ ఉన్నారు.

రోగికి తెలియకుండా ఉండడం అరుదు. ఏ వార్డులో పడుకోబెట్టారో, ఏ మందు ఎక్కిస్తున్నారో, వచ్చేవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో చూసే మనిషికి సంగతి అర్థమవుతుంది. అప్పుడు రోగి కూడా ఏమీ తెలియనట్టు నటించవలసి వస్తుంది. తన నొప్పి, తన భయం, తన ఆస్తిపాస్తుల సంగతి, పిల్లలకు చెప్పాలనుకున్న మాట అన్నీ లోపలే ఉండిపోతాయి. ఇంత అన్యాయం ఏ జబ్బూ చేయదని నా అభిప్రాయం.

అలాగని అన్నీ తెలుసుకు తీరాలని లేదు. వివరాలు వద్దనుకునే హక్కు కూడా రోగిదే. కాబట్టి మొదటి కలయికలోనే, ఇంట్లోవాళ్లు వింటుండగా డాక్టర్‌తో చెప్పండి: "నా సంగతి ఏదైనా ముందు నాకే చెప్పండి." లేదా: "చికిత్స వివరాలు నాకు చెప్పండి, ఎంత కాలం అన్న లెక్కలు నేను అడిగితే తప్ప చెప్పవద్దు." లేదా: "నాకు వద్దు, ఫలానా వారితో మాట్లాడండి." మీ మనసు మారితే ఆ మాట కూడా చెప్పవచ్చు.

మీరు రోగి కాక బంధువైతే, దాచాలా వద్దా అన్న చర్చకు ముందు రోగినే ఒక ప్రశ్న అడగండి: "రిపోర్టులో ఏముందో నీకు తెలుసుకోవాలని ఉందా?" ఆ జవాబును బట్టి నడవండి.

రిపోర్టు చేతికొచ్చాక

దుర్వార్త ఎలా చెప్పాలో డాక్టర్లకు ఒక పద్ధతి ఉంది. 2000లో ప్రచురితమైన స్పైక్స్ అనే ఆరు మెట్ల విధానం చాలా వైద్య కళాశాలల్లో బోధిస్తారు. ఏకాంతంగా కూర్చోబెట్టాలి, రోగికి ఇప్పటికే ఏమి తెలుసో అడగాలి, ఎంత తెలుసుకోవాలని ఉందో అడగాలి, అప్పుడు విషయం చెప్పాలి, కలిగిన దుఃఖానికి చోటివ్వాలి, చివరగా తర్వాత చేయవలసినది వివరించాలి. మీ డాక్టర్ ఈ క్రమం పాటించకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. "ఇప్పటిదాకా నాకు అర్థమైనది ఇది" అని రెండు వాక్యాల్లో చెప్పండి. తప్పుంటే వారు అక్కడికక్కడే దిద్దుతారు. మాటలు ముగిశాక మళ్లీ ఇదే చేయండి: "నేను ఇంటికి వెళ్లి ఇలా చెబుతాను, సరేనా?" ఎన్ని ప్రశ్నలు అడిగినా బయటపడని అపార్థాలు ఈ ఒక్క పనితో బయటపడతాయి.

ఆ రోజు తెలుసుకోవలసినవి ఇవి: క్యాన్సర్ పూర్తి పేరు, అది మొదలైన అవయవం, దశ, గ్రేడ్. చివరి రెండూ వేరు. దశ అంటే జబ్బు ఎంత దూరం పాకిందన్నది. గ్రేడ్ అంటే సూక్ష్మదర్శిని కింద ఆ కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా కనిపిస్తున్నాయన్నది. చిన్న గడ్డకు కూడా ఎక్కువ గ్రేడ్ ఉండవచ్చు. బయాప్సీ రిపోర్టు నకలు తప్పక తీసుకోండి, పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించమని అడగండి. పెద్దపేగు ఆపరేషన్‌లో తీసిన భాగంలో, జబ్బు పాకిందో లేదో తెలిపే లింఫ్ గ్రంథులను కనీసం 12 అయినా పరీక్షించాలన్నది ప్రమాణం. తక్కువ పరీక్షిస్తే దశను తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. ఇలాంటి అంకె చాలా క్యాన్సర్ రిపోర్టుల్లో ఏదో ఒకటి ఉంటుంది. "ఈ రిపోర్టులో నా చికిత్సను నిర్ణయించే అంకె ఏది?" అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు డాక్టర్ల ముఖంలో ఉత్సాహం కనిపిస్తుంది.

మరో డాక్టర్ అభిప్రాయం కావాలంటే మొహమాటం వద్దు. "నిర్ణయం తీసుకునే ముందు మరొకరిని కూడా అడగాలనుకుంటున్నాను, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు ఇప్పించండి" అంటే చాలు. బ్లాకు అంటే మీ కణజాలాన్ని మైనంలో భద్రపరచిన ముక్క. కాగితం మీది రిపోర్టు ఒక్కటే ఇస్తే రెండో చోట మొదటి వారి మాటనే మళ్లీ చదువుతారు.

ఈ చికిత్స దేనికోసం?

నన్నడిగితే అన్ని ప్రశ్నల్లోకీ ఇదే పెద్దది, అడగడానికి గొంతు రానిదీ ఇదే. చికిత్స జబ్బును పూర్తిగా తొలగించడానికా, కొంతకాలం అదుపులో పెట్టడానికా, బాధ తగ్గించడానికా? 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యాపించిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిని ఇదే విషయమై ప్రశ్నించారు. ఆ కీమో తమ జబ్బును నయం చేసే అవకాశం లేదన్న సంగతి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో 69 శాతానికి, పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 81 శాతానికి అర్థం కాలేదు. సంతకాలు మాత్రం అందరూ చేసే ఉంటారు. కీమో పనిచేస్తోంది, గడ్డ కుంచించుకుపోయింది అన్నంత మాత్రాన జబ్బు నయమవుతోందని కాదు. స్కాన్‌లో కొలిచిన గడ్డల వ్యాసాల మొత్తం 30 శాతం తగ్గితే మందుకు పాక్షికంగా లొంగినట్టు లెక్క. అది మంచి కబురే. ఆ తర్వాత ఏమిటన్నది వేరే ప్రశ్న, దాన్ని వేరేగానే అడగాలి.

అంకెలు చెప్పినప్పుడు మొత్తం వందలో ఎందరో అడగండి. "ఈ మందుతో జబ్బు తిరగబెట్టే ముప్పు సగానికి తగ్గుతుంది" అన్నారనుకోండి. నూటికి 40 మందిలో తిరగబెట్టేది 20కి తగ్గిందంటే ఒక సంగతి, నూటికి నలుగురి నుంచి ఇద్దరికి తగ్గిందంటే మరో సంగతి. రెండూ సగమే. రెండోదానికి అదే వాంతులు, అదే తిమ్మిర్లు భరించాలా అన్నది మీరు ఆలోచించుకోవలసిన విషయం.

ఆయుర్దాయం లెక్కలు విన్నప్పుడు స్టీఫెన్ జే గౌల్డ్ సంగతి గుర్తుచేసుకోండి. ఆయన అమెరికన్ జీవపరిణామ శాస్త్రవేత్త, పేరున్న రచయిత. 1982లో ఆయన ఉదరపు పొరలో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. పుస్తకాల్లో దాని మధ్యస్థ ఆయుర్దాయం 8 నెలలని ఉంది. ఆ అంకెకు అర్థం సగం మంది 8 నెలల లోపు పోతారని, మిగతా సగం అంతకు మించి ఉంటారని మాత్రమే. ఆ రెండో సగం ఎంత దూరం సాగుతుందో అది చెప్పదు. గౌల్డ్ మరో 20 ఏళ్లు జీవించి 2002లో వేరే క్యాన్సర్‌తో మరణించారు. అందరికీ అలా జరుగుతుందని చెప్పడం లేదు. అంకెతో పాటు "ఎక్కువ కాలం ఉన్నవారు ఎంతకాలం ఉన్నారు? వారికీ నాకూ పోలికలు ఏమున్నాయి?" అని అడగమంటున్నాను.

పిల్లలు కనే వయసులో ఉంటే సంతాన సామర్థ్యం గురించి మొదటి కీమోకు ముందే అడగాలి. తర్వాత అడిగితే దారులు మూసుకుపోవచ్చు.

బాధను పనుల్లో చెప్పండి

నాకిచ్చిన మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఒకటి. అది నరాల మీద పనిచేస్తుంది. మొదట్లో చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది, చల్లని నీళ్లు తాగితే గొంతు బిగుసుకుంటుంది. డోసులు పెరిగేకొద్దీ మొద్దుబారడం తగ్గకుండా ఉండిపోతుంది. ప్రతిసారీ "తిమ్మిర్లు ఉన్నాయా?" అని అడిగేవారు. "కొంచెం" అన్నది అందరూ చెప్పే జవాబు, దాంతో ఫైలులో ఏమీ మారదు.

ఒక ఉదయం చొక్కా పై గుండీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాను. అది ఉందో లేదో తెలియడం లేదు. తల వంచి చూస్తేనే ఉందని తెలుస్తోంది, చూపు తిప్పితే జారిపోతోంది. కాజాలోకి దూర్చడానికి అద్దం ముందు నిలబడవలసి వచ్చింది. ఆ రోజు డాక్టర్‌తో ఇదే చెప్పాను: "గుండీ చూడకుండా పెట్టుకోలేకపోతున్నాను. పెన్ను పట్టుకుంటే జారిపోతోంది." ఆయన రాయడం ఆపి, నన్ను కళ్లు మూసుకోమని, అరచేతిలో ఒక నాణెం పెట్టి ఏమిటో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. ఆ మందు మోతాదు తగ్గించి, కొంతకాలానికి అది ఒక్కటి ఆపి మిగతాది కొనసాగించారు. ఈ రోజు ఇది రాస్తున్న వేళ్లు అప్పుడు దక్కినవే.

తిమ్మిరి తీవ్రతను డాక్టర్లు కొలిచేది అది రోజువారీ పనులకు ఎంత అడ్డుపడుతోందన్న దాన్ని బట్టే. కాబట్టి పనుల్లో చెప్పండి. నీరసంగా ఉందనకుండా "మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి మంచం మీదే ఉంటున్నాను" అనండి. రోగి రోజువారీ చురుకుదనాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ఈకాగ్ కొలమానంలో సరిగ్గా ఈ సగం గీతే ఉంది. తర్వాతి కీమో ఇవ్వాలా వద్దా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. నొప్పిని 0 నుంచి 10లో చెప్పి ఊరుకోకుండా, "రాత్రి రెండుసార్లు నిద్ర లేపుతోంది" అని కలపండి. మందు ఆపేస్తారేమోనన్న భయంతో తగ్గించి చెప్పేవారు ఎందరో. మోతాదు తగ్గించడం, వారం వాయిదా వేయడం చికిత్స ప్రణాళికలో ముందే ఉన్న మార్గాలు.

జ్వరం ఒక్కటి మాత్రం నోటుపుస్తకంలో రాసుకుని తర్వాతిసారి చెప్పే సంగతి కాదు. కీమో తీసుకుంటున్నప్పుడు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే అది అత్యవసరం. డోసు తర్వాత సాధారణంగా ఒకటి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదకు తెస్తుంది. తెల్లారేదాకా చూద్దామనుకోకండి. జ్వరం మాత్ర వేసి దాన్ని కప్పిపుచ్చకుండా ముందు ఫోను చేయండి. ఫోనులో ఈ క్రమంలో చెప్పండి: "క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నాను. చివరి డోసు ఫలానా తేదీన. జ్వరం ఇంత. చలి ఉంది, లేదు." మొదటి కీమో రోజునే రాత్రి పూట పలికే నంబరు ఏదో అడిగి, పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి. అత్యవసర విభాగానికి వెళితే వేచి ఉండే వరుసలో కూర్చునే ముందే కీమో సంగతి చెప్పండి.

వినని డాక్టర్ ఎదురైతే

ఒకసారి ఒక డాక్టర్ నా స్కాన్ ఫలితాన్ని నడవాలో నిలబడి, ఫోను చూసుకుంటూ చెప్పారు. చుట్టూ జనం. "ఇది నేను కూర్చుని వినాలి. రెండు నిమిషాలు చాలు, ఏ గదిలోకి వెళదాం?" అన్నాను. ఆయన ఒక్క క్షణం తడబడి, ఖాళీగా ఉన్న గదిలోకి తీసుకెళ్లారు. చాలామంది డాక్టర్లు కఠినులు కారు, మితిమీరిన పని కింద నలిగిపోతున్నవారు. అయినా రోగి ఒంటరిగా కుప్పకూలడానికి అది కారణం కాకూడదు.

అర్థం కానప్పుడు "మీ ఇంట్లోవారికి చెప్పినట్టు చెప్పండి" అనండి. తొందరపెట్టి సంతకం అడిగితే, ప్రాణాపాయం లేనప్పుడు, "చదివి రేపు ఇస్తాను, రేపటిదాకా ఆగితే ప్రమాదం ఉందా?" అని అడగండి. దాదాపు ఎప్పుడూ ఉండదు. ఎన్నిసార్లు అడిగినా చిరాకే జవాబైతే డాక్టర్‌ను మార్చుకోవడం తప్పు కాదు.

పాలియేటివ్ కేర్, అంటే నొప్పినీ ఇతర బాధలనూ తగ్గించే సేవ, గురించి డాక్టర్ ఎత్తకపోయినా మీరు ఎత్తండి. అది చివరి రోజుల వైద్యం మాత్రమే అన్న భయం మానాలి. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యాపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఆ సేవ అందిస్తే వారి రోజులు హాయిగా గడవడమే కాక, మధ్యస్థ ఆయుర్దాయం 8.9 నెలల నుంచి 11.6 నెలలకు పెరిగింది.

చికిత్స ముగిశాక

ఏ మందు, మొత్తం ఎంత మోతాదు, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారు, ఏ పరీక్షలు ఎన్నాళ్లకొకసారి, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అన్నవి ఒకే కాగితం మీద రాయించుకోండి. ఏళ్ల తర్వాత గుండె డాక్టర్‌కో నరాల డాక్టర్‌కో ఇదే కావాలి. ఆక్సాలిప్లాటిన్ తిమ్మిర్లు మందు ఆపాక కూడా కొన్ని నెలలు పెరిగే అవకాశం ఉంది. ఇలాంటివి ముందే చెప్పించుకుంటే అది జబ్బు తిరగబెట్టడమని హడలిపోరు. స్కాన్‌కు ముందు వచ్చే భయాన్ని కూడా డాక్టర్‌తో చెప్పండి. ఫలితం ఎప్పుడు, ఎవరు, ఎలా చెబుతారో స్కాన్ రోజునే అడిగి పెట్టుకోవడం ఆ భయానికి నాకు తెలిసిన మంచి మందు.

ఆసుపత్రికి ఒక ఉత్తరం రాయండి

ఓపిక వచ్చాక ఈ పని చేయండి. కేట్ గ్రేంజర్ బ్రిటన్‌లో డాక్టర్, క్యాన్సర్ రోగి కూడా. ఆసుపత్రిలో పడుకుని ఉన్నప్పుడు తన దగ్గరకు వచ్చే సిబ్బందిలో చాలామంది తమ పేరైనా చెప్పడం లేదని గమనించి, 2013లో "హలో, నా పేరు ఫలానా" అని పరిచయం చేసుకోవాలన్న ఉద్యమం మొదలుపెట్టారు. 2016లో ఆమె మరణించేనాటికి ఆ మాట రాసిన పేరు పట్టీలు ఎన్నో ఆసుపత్రుల సిబ్బంది బట్టల మీదికి చేరాయి. బ్రిటన్‌లోనే 2018లో, డాక్టర్లు ఉత్తరాలను రోగి పేరు మీదే, రోగికి అర్థమయ్యే మాటల్లో రాయాలని డాక్టర్ల వృత్తి సంఘాల సమాఖ్య సూచించింది.

మీ ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. జరిగిన ఒక్క సంఘటన తేదీతో సహా రాయండి. ఎవరినీ దూషించకండి. మేలు చేసినవారు ఉంటే వారి పేరు రాయండి, ఆ మెప్పు వారి పైవారికి చేరుతుంది. తర్వాత అమలు చేయగలిగినది ఒక్కటే కోరండి: దుర్వార్త చెప్పడానికి తలుపు మూసుకునే గది, లేదా రాత్రి పలికే ఒక నంబరు, లేదా ప్రతి కలయిక తర్వాత రోగి చేతికి ఐదు వాక్యాల కాగితం. ఆసుపత్రి అధిపతికి ఒక ప్రతి, మీ విభాగం డాక్టర్‌కు ఒక ప్రతి పంపండి. నెలలోగా జవాబు రాకపోతే అదే ఉత్తరానికి పైన "రెండోసారి పంపుతున్నాను" అని రాసి మళ్లీ పంపండి.